మిలిటరీ సర్వీసు, అమెరికా డెంటల్ స్కూల్ సీటు: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

తెలుగు రాష్ట్రాల్లో మిలిటరీ, డెంటల్ సీటు అన్న రెండు మాటలు కలిసి వినిపిస్తే చాలామందికి ముందు గుర్తొచ్చేది కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకు ఉండే క్యాప్ కేటగిరీ. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో కొందరు అదే లెక్కను అక్కడికీ వర్తింపజేసి, నాలుగేళ్లు ఆర్మీలో చేసి వస్తే డెంటల్ స్కూల్లో సీటు తేలిగ్గా దొరుకుతుందని అనుకుంటారు. అక్కడ అలాంటి కోటా పద్ధతి లేదు. సైన్యంలో పనిచేసి వచ్చిన వారి దరఖాస్తును కూడా అడ్మిషన్ కమిటీ మిగతా దరఖాస్తులతో పాటే చదువుతుంది, ఆ సర్వీసును దరఖాస్తుదారు జీవితంలో ఒక భాగంగా చూస్తుంది.

అలాగని సర్వీసు వల్ల ప్రయోజనం లేదనుకుంటే అదీ పొరపాటే. మార్కులు సరిపోయిన దరఖాస్తుకు అది ప్రత్యేకతను ఇస్తుంది, చదువు ఖర్చులో పెద్ద భాగాన్ని మోస్తుంది. ఈ రెండింటిలో రెండోదే బరువైనదని నా అభిప్రాయం. అందుచేత సీటు అవకాశం పెరుగుతుందన్న ఒక్క ఆశతో సైన్యంలో చేరాలనుకునే వారికీ, ఇప్పటికే సర్వీసు ముగించుకుని దంతవైద్యం వైపు చూస్తున్న వారికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు.

## ముందు దాటాల్సిన గడప

దారులను పోల్చడానికి ముందు పౌరసత్వం సంగతి తేల్చుకోవాలి. అమెరికా సైన్యంలో సాధారణ సైనికులుగా చేరడానికి గ్రీన్ కార్డు చాలు. ఆఫీసర్ హోదా కావాలంటే మాత్రం పౌరసత్వం తప్పనిసరి. డెంటల్ విద్యార్థులకు సైన్యం ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఆఫీసర్ హోదాతో ముడిపడినవి కాబట్టి గ్రీన్ కార్డు ఉన్నవారికి కూడా అవి అందవు. గ్రీన్ కార్డుతో సైన్యంలో చేరి, సర్వీసు ఆధారంగా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే వెసులుబాటు చట్టంలో ఉంది. హెచ్-4 వీసా మీద పెరిగి, 21 ఏళ్లు నిండే సరికి ఎఫ్-1కు మారే మన పిల్లలకు మాత్రం ఇక్కడ చెప్పబోయే మిలిటరీ దారులేవీ తెరుచుకోవు. హెచ్-1బీ మీద వచ్చి, ఇండియాలో చదివిన బీడీఎస్‌తో విదేశీ దంతవైద్యులను నేరుగా పై తరగతిలో చేర్చుకునే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సుల కోసం ప్రయత్నించే వారి పరిస్థితీ అంతే.

ఇంకొక అపోహను కూడా ఇక్కడే తీర్చేయాలి. బెథెస్డాలోని సైనిక విశ్వవిద్యాలయమైన యూనిఫార్మ్‌డ్ సర్వీసెస్ యూనివర్సిటీలో వైద్య కళాశాల ఉంది కాబట్టి దంతవైద్య డిగ్రీ కూడా అక్కడే చదవవచ్చని కొందరు అనుకుంటారు. అక్కడి డెంటల్ కాలేజీ పోస్ట్ గ్రాడ్యుయేట్ స్థాయిది. దంతవైద్యుడు కావడానికి ఎవరైనా మామూలు విశ్వవిద్యాలయాల డెంటల్ స్కూళ్లకే దరఖాస్తు చేయాలి.

## కమిటీ ముందు ఏవి తూకానికి వస్తాయి

మొదటిది జీపీఏ, అంటే 4కు గాను లెక్కించే కోర్సు గ్రేడుల సగటు. డెంటల్ స్కూళ్ల ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ అయిన ఆడ్‌సాస్, మీరు ఏ కాలేజీలో ఎప్పుడు చదివినా, ప్రతి కోర్సు మార్కునూ తీసుకుని తన పద్ధతిలో మళ్లీ లెక్కిస్తుంది. ఒక కోర్సును రెండోసారి చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నా మొదటి గ్రేడు చెరిగిపోదు, రెండూ లెక్కకు వస్తాయి. పద్దెనిమిదేళ్లకు కాలేజీలో చేరి, మనసు పెట్టక, మధ్యలో వదిలేసి సైన్యానికి వెళ్లిన వారికి ఇది పెద్ద చిక్కు. 60 క్రెడిట్లు 2.6 జీపీఏతో ముగించి వెళ్లిన వ్యక్తి, తిరిగి వచ్చి 70 క్రెడిట్లను 3.8తో పూర్తి చేసినా మొత్తం 3.25 దగ్గరే ఆగుతుంది. డెంటల్ స్కూళ్లలో చేరేవారి సగటు 3.5కు పైనే ఉంటుంది. అయితే ఇలాంటి అంకెను చూసే కమిటీకి రెండు భాగాల మధ్య ఉన్న తేడా కూడా కనిపిస్తుంది, ఆ మధ్యలో గడిచిన సర్వీసు ఆ తేడాకు నమ్మదగిన కారణం చెబుతుంది. సర్వీసు వల్ల అడ్మిషన్‌లో నిజంగా కలిగే మేలు ఎక్కువగా ఇక్కడే అని నేననుకుంటాను. 3.25తో వచ్చిన ఇద్దరిలో, చివరి రెండేళ్లు 3.8 తెచ్చుకున్న మాజీ సార్జెంటు దరఖాస్తు మళ్లీ చదవాలనిపిస్తుంది.

రెండోది డెంటల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష అయిన డ్యాట్. 2025 మార్చి నుంచి దీని స్కోరును పాత 1–30 కొలమానానికి బదులు 200–600 మధ్య ఇస్తున్నారు. జీవశాస్త్రం, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఆకృతుల గ్రహణశక్తి, పఠనం, గణితం ఇందులోని అంశాలు. సర్వీసులో ఎంత పేరు తెచ్చుకున్నా ఈ పరీక్షలో ఒక్క మార్కు కూడా కలవదు. ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివి ఐదేళ్లు దాటినవారు మళ్లీ మొదటి నుంచి చదువుకోవాల్సిందే.

మూడోది దంతవైద్యాన్ని దగ్గరగా చూసిన అనుభవం, నాలుగోది సిఫారసు లేఖలు. ఈ రెండూ దారిని బట్టి బాగా మారతాయి కాబట్టి వాటిని ఆయా దారుల దగ్గరే చెబుతాను. వీటికి తోడు దరఖాస్తుదారు తన సంగతిని 4,500 అక్షరాల్లో చెప్పుకునే వ్యాసం ఒకటి ఉంటుంది.

సైన్యంలో పొందిన శిక్షణకు వచ్చే జాయింట్ సర్వీసెస్ ట్రాన్‌స్క్రిప్ట్ మీద చాలామంది ఆశలు పెట్టుకుంటారు. అందులోని క్రెడిట్లకు సాధారణంగా గ్రేడు ఉండదు. డిగ్రీలో ఐచ్ఛిక కోర్సులకు అవి ఉపయోగపడవచ్చు గానీ, ప్రయోగశాలతో కూడిన బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులకు బదులుగా వాటిని చూపిద్దామనుకోకూడదు.

## దారులు పక్కపక్కన

| దారి | దరఖాస్తుకు కలిగే బలం | డబ్బు | కాలం | ప్రధానమైన చిక్కు |
|---|---|---|---|---|
| సైన్యం లేకుండా నేరుగా | మార్కులు, డ్యాట్, సేవా అనుభవం మీదే ఆధారం | అప్పు లేదా కుటుంబం | అన్నిటికన్నా తక్కువ | ఖర్చు |
| ముందు సైన్యంలో డెంటల్ పని | చాలా ఎక్కువ | జీఐ బిల్ (సర్వీసు చేసినవారి చదువు ఖర్చు భరించే ప్రభుత్వ పథకం) | 4 ఏళ్లు లేదా అంతకు మించి ఆలస్యం | కోరిన పని దక్కడం |
| ముందు సైన్యంలో వేరే పని | మధ్యస్థం. కథ చెప్పే తీరు మీద ఆధారం | జీఐ బిల్ | పై దారి అంతే | దంతవైద్య అనుభవం విడిగా సంపాదించుకోవాలి |
| చదువుతూ గార్డ్ లేదా రిజర్వ్ (పార్ట్‌టైమ్ సర్వీసు) | కొంత | పాక్షికం | తక్కువ ఆలస్యం | మధ్యలో పిలుపు రావచ్చు |
| సీటు వచ్చాక స్కాలర్‌షిప్ | ఏమీ లేదు | ట్యూషన్ పూర్తిగా | ఆలస్యం ఉండదు. తర్వాత సర్వీసు | పట్టా వచ్చాక సైన్యం చెప్పిన చోట పని |

చివరి వరుసను జాగ్రత్తగా చూడాలి. హెల్త్ ప్రొఫెషన్స్ స్కాలర్‌షిప్ వచ్చిందంటే సీటు వచ్చినట్టేనని పొరబడేవారు ఉన్నారు. డెంటల్ స్కూల్ చేర్చుకున్నాకే ఆ స్కాలర్‌షిప్ అమలవుతుంది, కాబట్టి సీటు విషయంలో దాని వల్ల ఉపయోగం లేదు.

## సైన్యంలో డెంటల్ పని

ఆర్మీలో 68-ఈ అనే డెంటల్ స్పెషలిస్ట్ ఉద్యోగం, ఎయిర్ ఫోర్స్‌లో డెంటల్ అసిస్టెంట్, డెంటల్ ల్యాబ్ ఉద్యోగాలు ఉన్నాయి. నేవీలో డెంటల్ టెక్నీషియన్ అనే విడి శాఖ 2005లో హాస్పిటల్ కోర్‌మన్ (వైద్య సహాయకుల) శాఖలో కలిసిపోయింది కాబట్టి అక్కడ కోర్‌మన్‌గా చేరినవారు డెంటల్ వైపు వెళ్తారా లేదా అన్నది నేవీ అవసరాల మీద కూడా ఆధారపడి ఉంటుంది. శిక్షణ టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో, ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో జరుగుతుంది.

ఈ దారిలో వచ్చినవారి దరఖాస్తుకు ఉన్న బలాన్ని తక్కువ చేసి చెప్పలేం. చాలామంది దరఖాస్తుదారులు ఏదో ఒక క్లినిక్‌లో మూలన నిలబడి వంద గంటలు చూసి వస్తే, వీరు రోజూ డాక్టరు పక్కన కూర్చుని సక్షన్ పట్టుకుని, ఎక్స్‌రేలు తీసి, పరికరాలు స్టెరిలైజ్ చేసి ఉంటారు. పనితీరును ఏళ్ల తరబడి చూసిన దంతవైద్యుడి లేఖ కూడా చేతికి వస్తుంది. అయినా ఒక లోటు ఉంటుంది. మిలిటరీ క్లినిక్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది ఆరోగ్యంగా ఉన్న యువ సైనికులు. వృద్ధులు, చిన్నపిల్లలు, ఇన్సూరెన్స్ లేక పన్ను పీకించుకోవడానికి వచ్చే పేదలు అక్కడ అంతగా కనిపించరు. అందువల్ల బయటి ప్రైవేటు క్లినిక్‌లోనూ, ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లోనూ కొన్ని గంటలైనా గడపడం మంచిది.

చేరేవారు గుర్తుంచుకోవాల్సినవి రెండు. రిక్రూటర్ నోటిమాటగా డెంటల్ అన్నంత మాత్రాన చాలదు, ఆ ఉద్యోగం ఒప్పంద పత్రంలో రాసి ఉండాలి. నాలుగేళ్ల ఒప్పందం అని పిలిచినా మొత్తం బాధ్యత ఎనిమిదేళ్లది. మిగిలిన కాలం రిజర్వ్ జాబితాలో పేరు ఉంటుంది.

## సైన్యంలో వేరే పని

ఇన్‌ఫాంట్రీ, వాహనాల మరమ్మతు, ఇంటెలిజెన్స్, సరఫరా విభాగం వంటి చోట్ల పనిచేసి వచ్చినవారే మాజీ సైనికుల్లో ఎక్కువ. వీరికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఆ పని నుంచి దంతవైద్యం వైపు ఎందుకు వచ్చారు? నాయకత్వం, క్రమశిక్షణ, ఒత్తిడిని తట్టుకోవడం అన్న మూడు మాటలతో జవాబిస్తే అది ప్రతి మాజీ సైనికుడి దరఖాస్తులోనూ ఉండే జవాబే అవుతుంది.

ఆలోచిస్తే ఏ విభాగంలో పనిచేసినవారికైనా చేతికందే ఒక సంగతి ఉంది. అమెరికా సైన్యం ప్రతి సైనికుడి నోటి ఆరోగ్యాన్ని నాలుగు తరగతులుగా విభజిస్తుంది. రాబోయే 12 నెలల్లో పంటి సమస్య అత్యవసర పరిస్థితికి దారితీయవచ్చు అనుకునేవారు మూడో తరగతి; తనిఖీ గడువు దాటినవారు నాలుగో తరగతి. ఈ రెండు తరగతుల వారినీ విదేశీ మోహరింపుకు సిద్ధంగా ఉన్నట్టు లెక్కించరు. పదిమంది సైనికుల బాధ్యత చూసే ఒక స్క్వాడ్ లీడర్, ప్రయాణానికి నెల ముందు తన మనుషుల్ని డెంటల్ క్లినిక్‌కు తరుముకుంటూ తిరగడం అక్కడ మామూలు దృశ్యం. పుచ్చిన జ్ఞానదంతం ఒక్కటి ఒక మనిషిని జట్టు నుంచి ఎలా తప్పించగలదో స్వయంగా చూసిన వ్యక్తి, ఆ ఒక్క సంఘటన చుట్టూ తన వ్యాసాన్ని అల్లుకుంటే నాయకత్వం అన్న మాటను వాడాల్సిన అవసరమే రాదు.

వీరికి ఎక్కువగా కొరతపడేవి సైన్స్ ప్రొఫెసర్ల లేఖలు. ఆన్‌లైన్‌లో డిగ్రీ పూర్తి చేసినవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. కమాండింగ్ ఆఫీసర్ లేఖ బాగుంటుంది, కానీ అది సైన్స్ అధ్యాపకుల లేఖకు బదులు కాదు. కనీసం రెండు సెమిస్టర్లయినా తరగతి గదిలో కూర్చుని, కష్టమైన సైన్స్ కోర్సులు చదివి, ప్రొఫెసర్లకు ముఖపరిచయం కావడం దరఖాస్తుకు ఎంతో మేలు చేస్తుంది. పాత మార్కులను సరిదిద్దుకునే పని కూడా ఆ కోర్సులతోనే అవుతుంది.

## గార్డ్, రిజర్వ్, ఆర్‌ఓటీసీ

నేషనల్ గార్డ్ లేదా రిజర్వ్‌లో నెలకు ఒక వారాంతం, ఏడాదికి రెండు వారాల శిక్షణతో చదువు సాగించవచ్చు. దరఖాస్తుకు కొంత బలం వస్తుంది, కొంత డబ్బూ వస్తుంది. కానీ ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష వారం చివర డ్రిల్ పడితే మార్కు మీద దాని ప్రభావం ఉంటుంది. తుపాను సహాయానికో, విదేశీ విధులకో పిలుపు వస్తే సెమిస్టర్ మొత్తం పోవచ్చు. జీపీఏ అంచున ఉన్న విద్యార్థికి ఈ దారిని నేను సూచించను.

కాలేజీలో ఉండగానే ఆఫీసర్ శిక్షణ ఇచ్చే ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్‌తో డిగ్రీ చదివి ఆఫీసర్‌గా పనిచేసినవారికి ఒక మెలిక ఉంది. ఆ స్కాలర్‌షిప్‌కు బదులుగా చేసే సర్వీసు కాలం జీఐ బిల్ అర్హత లెక్కలోకి రాదు. నాలుగేళ్లు చేశాం కదా అని డబ్బు లెక్కలు వేసుకునే ముందు ఇది చూసుకోవాలి.

## జీఐ బిల్‌ను ఎక్కడ ఖర్చు పెట్టాలి

కొన్ని ప్రైవేటు డెంటల్ స్కూళ్లలో నాలుగేళ్ల మొత్తం ఖర్చు 5 లక్షల డాలర్లు దాటుతుంది. 2025 జులైలో చట్టమైన మార్పుల ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి డిగ్రీ తర్వాతి చదువులకు ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణం ఉండదు. ప్రొఫెషనల్ కోర్సులకు ప్రభుత్వ రుణం ఏడాదికి 50,000, మొత్తం మీద 2 లక్షల డాలర్లకు పరిమితం. మిగిలినది ప్రైవేటు అప్పుగా తెచ్చుకోవాలి. ఇంతకుముందు మిలిటరీ డబ్బు ఒక వెసులుబాటు. ఇకమీదట చాలామందికి అదే చదువుకు ఆధారం కావచ్చు.

పోస్ట్-9/11 జీఐ బిల్ కింద, మొత్తం 36 నెలల క్రియాశీల సర్వీసు పూర్తి చేసి గౌరవప్రదంగా విడుదలైన వారికి 36 నెలల పూర్తి ప్రయోజనం లభిస్తుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆ రాష్ట్ర నివాసులకు ఉండే ట్యూషన్ మొత్తం చెల్లిస్తారు. ప్రైవేటు కాలేజీలకు 2025–26లో గరిష్ఠ పరిమితి సుమారు 29,920 డాలర్లు. ఆ పైన ఉన్న తేడాను యెల్లో రిబ్బన్ ఒప్పందం ఉన్న కాలేజీలు కొంత భరిస్తే, ప్రభుత్వం అంతే మొత్తాన్ని కలుపుతుంది. యెల్లో రిబ్బన్ ఉందని విశ్వవిద్యాలయం పేరు మీద చూసి సంతోషించకూడదు. డెంటల్ విభాగానికి విడిగా ఎంత మొత్తం, ఎంతమందికి అన్నది అడిగి తెలుసుకోవాలి. వీటికి తోడు కాలేజీ ఉన్న ఊరిని బట్టి ఇంటి అద్దె భత్యం, పుస్తకాలకు ఏడాదికి 1,000 డాలర్ల వరకు వస్తాయి.

ఇక అసలు తప్పు ఎక్కువమంది చేసేది ఇక్కడే. సర్వీసు నుంచి రాగానే డిగ్రీకి జీఐ బిల్ వాడేస్తారు, డెంటల్ స్కూల్ దగ్గరికి వచ్చేసరికి ఖాతా ఖాళీ. తక్కువ ఖర్చుతో అయ్యే డిగ్రీకి ఖరీదైన ప్రయోజనాన్ని ఖర్చు చేయడం నష్టం. సర్వీసులో ఉండగానే సైన్యం ఫీజు కట్టే ట్యూషన్ అసిస్టెన్స్‌తో కొన్ని కోర్సులు పూర్తి చేసి (సెమిస్టర్ క్రెడిట్‌కు 250 డాలర్ల వరకు ఇస్తారు), మిగతావి కమ్యూనిటీ కాలేజీలోనో, రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనో చదివి, 36 నెలలనూ డెంటల్ స్కూల్‌కు దాచుకోవడం తెలివైన పని. అయితే ఈ సలహాకు ఒక షరతు ఉంది: చేతిలో డబ్బు లేక, రాత్రిళ్లు ఉద్యోగం చేస్తూ చదివి మార్కులు పోగొట్టుకునే పరిస్థితి వస్తే, దాచుకున్న జీఐ బిల్‌ను ఖర్చు పెట్టే డెంటల్ సీటే దక్కదు. అలాంటప్పుడు చివరి రెండేళ్ల సైన్స్ కోర్సులకు దాన్ని వాడుకోవడమే మేలు.

డెంటల్ స్కూళ్లు చాలావరకు వేసవిలో కూడా నడుస్తాయి కాబట్టి 36 నెలలు నాలుగో ఏడాది పూర్తయ్యేలోపే అయిపోవచ్చు. రెండు వేర్వేరు సర్వీసు కాలాలు ఉన్నవారికి దానికన్నా పాతదైన మాంట్‌గోమరీ జీఐ బిల్‌తో కలిపి 48 నెలల వరకు పొందే వీలును 2024లో సుప్రీంకోర్టు తీర్పు నిర్ధారించింది. సర్వీసు వల్ల కలిగిన వైకల్యానికి గుర్తింపు ఉన్నవారు వెటరన్ రెడీనెస్ అండ్ ఎంప్లాయ్‌మెంట్ పథకాన్ని (పాత పేరు వొకేషనల్ రీహాబిలిటేషన్) కూడా పరిశీలించాలి; అందులో డెంటల్ స్కూల్‌ను ఆమోదించాలా వద్దా అన్నది కౌన్సెలర్ నిర్ణయిస్తారు.

మరొక తేడా: చట్టం ప్రకారం రాష్ట్ర నివాసుల ట్యూషన్ పొందడం వేరు, అడ్మిషన్ కమిటీ మిమ్మల్ని ఆ రాష్ట్ర నివాసిగా లెక్కించడం వేరు. ప్రభుత్వ డెంటల్ స్కూళ్లు తమ రాష్ట్రం వారికి ప్రాధాన్యం ఇస్తాయి, కాబట్టి రెండో ప్రశ్నను ప్రతి స్కూల్‌నూ నేరుగా అడగాలి.

## ఎవరికి ఏది

హైస్కూల్ చివర్లో ఉండి, మంచి మార్కులు వచ్చి, సీటు కోసమే సైన్యంలో చేరాలనుకుంటున్న విద్యార్థికి నా మాట: వద్దు. ఆ నాలుగేళ్లు జీపీఏ, డ్యాట్, క్లినిక్ అనుభవం మీద పెడితే అడ్మిషన్‌లో అంతకన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. సైన్యం మీద నిజమైన ఆసక్తి ఉంటే అది వేరే సంగతి. అలాంటివారు సీటు తెచ్చుకున్నాక స్కాలర్‌షిప్ దారిని చూడవచ్చు: ట్యూషన్ మొత్తం, నెలకు 2,700 డాలర్లకు పైబడిన భత్యం, నాలుగేళ్ల స్కాలర్‌షిప్‌కు నాలుగేళ్ల సర్వీసు.

మార్కులు పాడై, ఏం చదవాలో తెలియక తిరుగుతున్న ఇరవై ఏళ్ల యువకుడికో, యువతికో మాత్రం డెంటల్ ఉద్యోగంతో సైన్యంలో చేరడం ఆలోచించదగిన దారి. ఈ పని తనకు నచ్చుతుందా లేదా అన్నది జీతం తీసుకుంటూ తెలుసుకోవచ్చు.

సర్వీసు ముగించుకుని జీఐ బిల్ చేతిలో ఉన్నవారు ప్రభుత్వ డెంటల్ స్కూల్‌ను మొదట లక్ష్యంగా పెట్టుకోవాలి. ప్రైవేటు సీటే వచ్చి, తిరిగి యూనిఫాం వేసుకోవడానికి అభ్యంతరం లేకపోతే నేవీ వారి హెల్త్ సర్వీసెస్ కాలేజియేట్ ప్రోగ్రామ్ వీరికి బాగా అమరుతుంది. అందులో ట్యూషన్ ఇవ్వరు గానీ చదువుకునే కాలమంతా ఈ-6 స్థాయి (సాధారణ సైనికుల్లో ఒక సీనియర్ హోదా) జీతం, ఇంటి భత్యం, కుటుంబానికి వైద్యం అందుతాయి. ట్యూషన్‌కు జీఐ బిల్‌ను వాడుకోవచ్చు. భార్యాపిల్లలు ఉన్నవారికి, ముప్ఫై దాటినవారికి ఈ కలయిక మామూలు స్కాలర్‌షిప్ కన్నా లాభసాటి. నాలుగేళ్లకు మించి సాధారణ సైనికులుగా చేసినవారు తర్వాత ఆఫీసర్‌గా చేరితే జీతపు పట్టికలో వారికి ఉండే ప్రత్యేకమైన ఎక్కువ వరుస కూడా వర్తిస్తుంది.

## ఇంకా యూనిఫాంలో ఉన్నవారి క్యాలెండర్

ఆడ్‌సాస్ దరఖాస్తులు ప్రతి ఏడాదీ జూన్ మొదట్లో స్వీకరించడం మొదలవుతుంది, తరగతులు మొదలయ్యేది ఆ మరుసటి ఏడాది వేసవిలో. స్కూళ్లు వచ్చినవాటిని వచ్చినట్టే చూస్తూ పోతాయి కాబట్టి ముందు పంపినవారికి మేలు. 2027 మేలో సర్వీసు ముగిసే వ్యక్తి అదే ఏడాది తరగతుల్లో కూర్చోవాలంటే 2026 జూన్‌లోనే, ఇంకా విధుల్లో ఉండగానే దరఖాస్తు పంపాలి. ఇంటర్వ్యూలకు సెలవులు మిగుల్చుకోవాలి, విదేశీ స్థావరంలో ఉన్నవారు డ్యాట్ రాయడానికి ఏ పరీక్షా కేంద్రానికి వెళ్లాలో ముందే చూసుకుని దానికీ సెలవు పెట్టుకోవాలి. మిలిటరీ డెంటల్ ఆఫీసర్లు కొన్నేళ్లకొకసారి బదిలీ అవుతుంటారు. మీ పని చూసిన డాక్టరు స్థావరం మారకముందే లేఖ సంగతి అడిగి, సొంత ఈమెయిల్ చిరునామా తీసుకుని ఉంచుకోండి.